ఖమర్ చెప్పిన అర నిమిషం

షాద్‌నగర్ అవతల రైలుకట్టను ఆనుకొని ఒక సీసాల ఫ్యాక్టరీ ఉండేది. దగ్గుమందు సీసాలు, సిరా సీసాలు, అత్తరు బుడ్లు అక్కడ పోసేవాళ్లు. ఆ ఫ్యాక్టరీకి ఎక్కడి నుంచి ఎవరు ఫోను చేసినా మొదట వినిపించేది ఖమర్ గొంతే. బొంబాయి సేటు చేసినా, కొందుర్గు పోస్టాఫీసు కిటికీ దగ్గర నిలబడి ఒక తల్లి తన కొడుకు కోసం చేసినా అదే మర్యాద. సేటుకు ఒక గొంతు, కూలీకి ఒక గొంతు పెట్టుకోవడం ఆమెకు చేతకాలేదు. ఆ చేతకానితనమే ఆమెను పెద్ద చిక్కులో పడేసింది.

ఖమర్ తండ్రి చోటే మియా ఒక గుత్తేదారు కింద టెలిఫోను స్తంభాలు పాతే కూలి. జడ్చర్ల నుంచి కల్వకుర్తి వైపు గట్టినేలలో గడ్డపార దించిన మనిషి. ఆయన పాతిన స్తంభాల మీదుగా ఎందరి మాటలో పోయాయి. ఆయన మాత్రం బతికినన్నాళ్లు ఒక్కసారి కూడా ఫోనులో మాట్లాడలేదు. మాట్లాడాలన్నా ఆయన ఎరిగినవాళ్లలో ఫోను ఉన్నవాళ్లు ఉంటే కదా! నడుము పడిపోయిన నాడు గుత్తేదారు ఇంకొకరిని చూసుకున్నాడు. తల్లి లాల్ బీ బట్టలు కుట్టి ఖమర్‌ను పది దాకా చదివించింది. పది పాసైన పిల్లను సీసాల ఫ్యాక్టరీ ఫోను బోర్డు దగ్గర కూర్చోబెట్టారు. ఎనభైల చివర్లో ఆ ఊళ్లో ఆడపిల్లకు కుర్చీలో కూర్చునే నౌకరీ దొరకడం చిన్న సంగతి కాదు. లాల్ బీ ఆ కుర్చీని చూసుకొని మురిసిపోయేది, ఆ కుర్చీ పోతుందేమోనని అంతే భయపడేది. రోజూ పొద్దున గడప దగ్గర అదే మాట.

"నౌకరీ పైలం బేటీ. పెద్దోళ్ల ముందట ఎక్కువ మాట్లాడకు."

పాత బోర్డు అంటే ఒక బల్ల, దాని నిండా రంధ్రాలు, రంధ్రాల్లో గుచ్చే తీగలు. ఖమర్ తీగ పీకితే తప్ప లైను తెగేది కాదు. అందుకని అక్కడ ఒక పద్ధతి పడిపోయింది. కూలీల ఇండ్ల నుంచి ఫోను వస్తే, "లైను మీదనే ఉండుండ్రి, పిలుస్త" అని చెప్పి, తీగను గుచ్చినట్టే వదిలేసి, ఖమర్ వరండా చివరకు వెళ్లి కేక పెట్టేది. లోపలి గేటు కాపలాదారు భిక్షం ఆ కేకను అందుకొని షెడ్డు వైపు తిరిగి తన కేక వేసేవాడు. అక్కడ బుట్టలు మోసేవాళ్లు అందుకొని కొలిమి అవతలికి పంపేవాళ్లు. ఆ కేక చేరవలసిన మనిషికి చేరాక కూడా సగం పనే అయినట్టు. చేతులకు చుట్టుకున్న గుడ్డలు విప్పాలి. తల మీది తువ్వాల దులపాలి. చెప్పులు గేటు దగ్గర విడవాలి. ఆఫీసు గచ్చు మీద గాజుపొడి రాలకూడదని రూలు. పగిలిన సీసాలు ఏరే ఆడవాళ్లయితే చీర కుచ్చిళ్లు కూడా విదిలించుకొని రావాలి. ఇదంతా అయ్యేదాకా అవతలి మనిషి ఓపిగ్గా లైను మీద ఉండేవాడు. కన్నవాళ్ల జ్వరాలు, మేకల ఈతలు, చావులు, పురుళ్లు అన్నీ అట్లాగే షెడ్డుకు చేరేవి.

పాత మేనేజరుకు ఇది తెలుసు. తెలియనట్టు ఉండేవాడు. ఆయన పోయి కోస్తా నుంచి కొత్త మేనేజరు వచ్చాడు. గట్టిగా అరిచే మనిషి కాదు. నవ్వుతూనే మాట్లాడతాడు, నవ్వుతూనే మనిషిని పనిలోంచి తీసేస్తాడు. వచ్చిన కొన్నాళ్లకే ఆ బల్లను అవతల పడేయించి గోడకు బూడిదరంగు పెట్టె ఒకటి బిగించడానికి హైదరాబాదు నుంచి మెకానిక్కును పిలిపించాడు.

వచ్చినవాడి పేరు రామచంద్రం. సొంతూరు నల్లగొండ జిల్లా చిట్యాల. పెట్టె మూత తెరిచి, మెడకు టార్చి వేలాడేసుకొని, ఎక్స్ఛేంజి నుంచి వచ్చే రెండు లైన్లను అందులో కలిపాడు. కలిపినంత మాత్రాన పని అయిపోలేదు.

"మీ ఎక్స్ఛేంజి పాతకాలపుది చెల్లె" అన్నాడు. "గీ పెట్టె పట్నం లెక్క పుట్టింది. మీట నొక్కితే కూత పెట్టి నంబరు పంపుతది. మీదానికి గా కూత తెల్వది. టకటక గొట్టి లెక్క వినిపిస్తెనే అర్థమైతది." అని లైన్లను ఆ పద్ధతికి మార్చాడు.

ఖమర్ మొదటి నంబరు చేసి చూసింది. "అన్నా, హైదరాబాదుకు చేస్తే మన ఊరి రైసుమిల్లోళ్లు ఎత్తుతున్నరు."

"మళ్ల చెయ్యి."

"మళ్ల వాళ్లే. పొద్దుపొద్దుగాల మాకేం పని లేదనుకున్నవా అని తిడుతున్నరు."

రామచంద్రం పకపక నవ్వాడు. "ఊరు దాటేందుకు కొట్టే మొదటి సున్నను మింగుతాంది. ఎక్స్ఛేంజి చెవి పెట్టకముందే గీ పెట్టె ఒర్లుతాంది. జర ఆగి మొదలువెట్టుమని చెప్పాలె." ఏవో అంకెలు నొక్కి పెట్టెకు ఆగడం నేర్పాడు. ఈసారి హైదరాబాదే పలికింది. ఖమర్‌కు ఆ పని నచ్చింది. ఒక యంత్రానికి ఊరి తీరు చెప్పి ఒప్పించడం లాంటి పని అది.

ఆ తర్వాత వచ్చింది అసలు ముచ్చట.

"చెల్లె, ఇది జర మంచిగ ఇను" అన్నాడు రామచంద్రం. "నువ్వు బయటి లైనును ఆపిపెట్టి ఇంకో పని జూస్కోవచ్చు. కని ఎంతసేపని ఆపుతది? అవతలోడు ఇసిగి ఫోను పెట్టేస్తే గీ పెట్టెకు ఒక్కోపాలి తెల్వది, లైను పట్టుకొనే కూసుంటది. ఉన్నయే రెండు లైన్లు. అందుకని గడువు పెట్టాలె. గడువు దాటితే నీకు గంట గొడ్తది. గంటకు గూడ నువ్వు ఎత్తకపోతే లైను తెంపుతది. ఇగ చెప్పు, మామూలుగ నువ్వు ఒక మనిషిని ఎంతసేపు ఆపుతవ్?"

ఖమర్ నోరు తెరిచేలోపే మేనేజరు గదిలోంచి వచ్చి ఆమె కుర్చీ వెనక నిలబడ్డాడు. చేతిలో కాఫీ.

"చెప్పమ్మా. మధ్యలో సీటులోంచి లేవడం గట్రా ఏమైనా ఉంటుందా?"

ఆ ప్రశ్న మామూలుగానే అడిగాడేమో. ఖమర్‌కు మాత్రం వరండా, భిక్షం, కేకలు, గేటు దగ్గర విడిచిన చెప్పుల వరుస, అన్నీ ఒక్కసారి ఆయన కళ్లముందు ఆరబెట్టినట్టు అనిపించింది. తల్లి మాట చెవిలో మోగింది.

"లేవను సార్."

"మరి ఎంతసేపు ఆపుతావు?"

"అర నిమిషం సార్."

రామచంద్రం తలెత్తి చూశాడు. "అర నిమిషం సరిపోతదా?"

"సరిపోతది."

అతను మీటలు నొక్కాడు. అడిగినవాడికి తెలియదు, రాసుకున్న పెట్టెకు అసలే తెలియదు. పెట్టెకు ఏది చెబితే అదే నిజం. ఉద్యోగం పోతుందన్న భయంతో ఒక పిల్ల ఆడిన అబద్ధాన్ని అది ఆనాటి నుంచి తు.చ. తప్పకుండా అమలుచేయడం మొదలుపెట్టింది.

కొన్నాళ్లు ఖమర్ ఎట్లాగో నెట్టుకొచ్చింది. ఇండ్ల నుంచి ఫోను వస్తే, "ఇప్పుడు పెట్టేసి, జరసేపైనంక మళ్ల చెయ్యుండ్రి, మనిషిని తెచ్చి ఉంచుత" అనేది. దగ్గర ఊళ్లవాళ్లు కొందరు చేసేవాళ్లు, కొందరు చేసేవాళ్లు కాదు. ఫోను ఎత్తి బల్ల మీద పెట్టి పోవచ్చు, లైను తెగదు. కాని అట్లా పెట్టినంతసేపు మేనేజరు గదిలోని పెద్ద ఫోను మీద ఎర్రదీపం వెలుగుతూనే ఉంటుంది. ఒకసారి అట్లాగే పెట్టి పోతే ఆయన లేచి వచ్చి, ఖాళీ కుర్చీని చూసి, "ఎక్కడికెళ్లావమ్మా?" అని నవ్వుతూ అడిగాడు. ఆమె మళ్లీ ఆ పని చేయలేదు.

పగిలిన సీసాలు ఏరే గుంపులో గుర్వమ్మ ఉండేది. ఆమె పెనిమిటి మల్లప్ప, తమ్ముడు పెద్దులు దసరా వెళ్లగానే మేస్త్రి వెంట కాలువ తవ్వే పనికి మరాఠోళ్ల దిక్కు పోయారు. పోవడం ఆ ఇంటికి కొత్త కాదు. నందికొండ డ్యాము కట్టేటప్పుడు మల్లప్ప తండ్రి తట్ట మోశాడు. దేశంలో ఎక్కడ ఆనకట్ట లేచినా పాలమూరు కూలి తట్ట మోయవలసిందే, తన చేనికి మాత్రం మబ్బు వైపు చూడవలసిందే. ఆ లెక్క ఎవరు వేశారో, ఎందుకు మారదో, అడిగినవాళ్లకు ఇప్పటిదాకా జవాబు రాలేదు. ఉగాదికి వస్తామని పోయినవాళ్లు ఉగాది దాటినా రాలేదు. మేస్త్రి ఒక్కడే ఊరికి వచ్చి పోతున్నాడు. యాడున్నరు అంటే ఒకసారి ఒక ఊరి పేరు, ఇంకోసారి ఇంకో ఊరి పేరు చెబుతాడు. కాలువ కట్ట విరిగిపడి ఇద్దరు చనిపోయారని ఎవరో పుట్టించిన మాట ఒకటి పల్లెలో తిరుగుతున్నది. గుర్వమ్మకు అప్పటి నుంచి తిండి సయించడం లేదు.

పాత బోర్డు ఉన్నప్పుడు మల్లప్ప ఒకటి రెండుసార్లు ఫోను చేశాడు. ఆ నంబరు ఒక్కటే అతనికి తెలుసు.

ఒక నాడు పగటి అన్నాల వేళ దాటాక ఫోను మోగింది. దూరపు లైను. గాలి హోరులోంచి వస్తున్నట్టు ఒక గొంతు.

"అమ్మా, నేను మల్లప్పను. గుర్వమ్మ పెనిమిటిని. జర ఆమెను పిలువున్రి. జల్ది."

"అన్నా, నువ్వు పెట్టేసి జరసేపైనంక మళ్ల..."

"మళ్ల చెయ్యనియ్యరమ్మా! సంతకని చెప్పి వచ్చిన. ఇప్పుడే పిలువున్రి. నీ కాళ్లు మొక్కుత."

ఖమర్ ఇంకేమీ ఆలోచించలేదు. లైను ఆపిపెట్టి వరండాకు పరుగెత్తింది. భిక్షం గేటు దగ్గర లేడు, లారీ లోపలికి వస్తుంటే పక్కకు పోయాడు. ఆమె లోపలి గేటు దాకా పోయి అరిచింది. "భిక్షం తాతా! గుర్వమ్మను పంపు! మల్లప్ప ఫోనూ!" కేక షెడ్డులోకి పోయింది. వెనక ఆఫీసులో పెట్టె గంట కొట్టడం ఆమెకు వినబడింది. పరుగెత్తి వచ్చేసరికి గంట ఆగిపోయింది. ఫోను ఎత్తితే ఉత్త లైను.

గుర్వమ్మ చేతులకు గుడ్డలతోనే వచ్చింది. చెప్పులు విడిచింది గాని కుచ్చిళ్లు దులపడం మరిచింది. నడిచినంత మేర గచ్చు మీద గాజు మెరిసింది. ఫోనును రెండు చేతులా పట్టుకొని చెవికి ఆనించింది.

"మాట్లాడుతలేడేంది?"

"లైను తెగింది గుర్వమ్మా."

"ఏమన్నడు?"

"నిన్ను పిలువుమన్నడు."

"పానం మంచిగున్నదన్నడా?"

"ఆ మాట చెప్పలే."

"మా పెద్దులు ముచ్చట?"

"చెప్పలే."

"ఏ ఊర్నుంచి చేసిండు?"

 ఎక్కడి నుంచి అని అడగడం ఖమర్‌కు అలవాటు లేదు. ఒకరి ఇంటి సంగతి అడగకపోవడమే మర్యాద అనుకునేది. "అడుగలే" అంది.

గుర్వమ్మ ఫోను కింద పెట్టి, దాన్నే కొంతసేపు చూసి, "మిషను ఖరాబున్నట్టున్నది" అంది. ఖమర్ అవునన్నట్టు తల ఊపింది. ఆ తల ఊపడం ఆమెను తర్వాత చాలా రోజులు కాల్చింది. మిషను ఖరాబు లేదు. చెప్పిన పని చెప్పినట్టు చేసింది.

అప్పటి నుంచి గుర్వమ్మ అన్నం వేళకు సద్దిమూట తెచ్చుకొని వరండా మెట్ల దగ్గర కూర్చునేది. ఫోను మోగినప్పుడల్లా మెడ తిప్పి చూసేది. మల్లప్ప మళ్లీ చేయలేదు.

"సంతకు పోనిస్తలేరేమో" అనేది. ఇంకో రోజు, "నేను రాలేదని అలిగిండేమో. మా ఆయనకు అలకెక్కువ. పెండ్లినాడు కూరల ఉప్పు తక్కువైందని అలిగిండు తెల్సా" అని నవ్వబోయి, నవ్వు పూర్తికాక ఆగిపోయేది.

ఖమర్ ఇంటికి పోయి అన్నం ముందు కూర్చొని మెతుకులు లెక్కపెట్టేది. లాల్ బీ ఉండబట్టలేక అడిగింది. ఖమర్ చెప్పింది. లాల్ బీ కుట్టుమిషను ఆపి, "అయితే ఇప్పుడు పోయి చెప్తవా, నేను ఝూట్ మాట్లాడిన అని? నౌకరీ నుంచి తీసేస్తే తెల్లారి మనమేం తినాలె?" అంది. ఆమె మాటలో తప్పేమీ లేదు. పేదవాళ్ల ఇండ్లలో నిజానికి కూడా కిరాయి కట్టవలసి వస్తుంది. ఆ కిరాయి మోయలేకనే చాలామంది నోరు మూసుకుంటారు.

వానలు మొదలైనాక ఒక రోజు ఫ్యాక్టరీ లైన్లు రెండూ బిగుసుకుపోయాయి. ఎవరూ మాట్లాడడం లేదు, అయినా రెండూ పట్టుకొనే ఉన్నాయి. బొంబాయి సేటు ఎంత ప్రయత్నించినా కలవలేదు. మర్నాడు సేటు మేనేజరును కడిగేశాడు. మేనేజరు రామచంద్రాన్ని పిలిపించాడు.

"ఏమయ్యా, కొత్త సిస్టమ్ ఇట్లా ఉంటే ఎలా? ఆ హోల్డు టైము కూడా తగ్గించెయ్యి. అర నిమిషం ఎందుకు, పది సెకండ్లు చాలు. లైనంటే వ్యాపారానికి."

రామచంద్రం పెట్టె మూత విప్పుతున్నాడు. కుర్చీలో ఖమర్ ఉంది. మెట్ల దగ్గర గుర్వమ్మ సద్దిమూట ముడి విప్పుతున్నది. ఇంకాసేపట్లో ఆ గడువు పదికి పడిపోతుంది. మల్లప్ప ఎప్పుడైనా మళ్లీ చేస్తే, ఆమె కుర్చీలోంచి లేచేలోపే తెగిపోతుంది.

"తగ్గించొద్దు సార్" అంది ఖమర్. గొంతు తనదేనా అనిపించింది. "పెంచుండ్రి."

మేనేజరు ఇటు తిరిగాడు.

"నేను ఆ రోజు అబద్ధం చెప్పిన సార్. సీట్లకెల్లి లేస్త. షెడ్డోళ్లకు ఇంటికాడ్నుంచి ఫోనొస్తే బయటికి పోయి పిలుస్త. వాళ్లు గుడ్డలిప్పుకొని, దులుపుకొని రావాలె. అర నిమిషంల ఎవ్వరు రాలేరు. పాత బోర్డున్నప్పటి సంది గిట్లనే నడుస్తాంది."

మేనేజరు ముఖం మీద నవ్వు అట్లాగే ఉంది. "ఓహో. అంటే కంపెనీ లైన్ల మీద ఇన్నాళ్లూ ఊరి పంచాయితీలు నడుపుతున్నావన్నమాట. వాళ్లకు ఫోనెందుకమ్మా? ఉత్తరాలు రాసుకోమను."

"ఉత్తరం రాయాలంటే మనిషి ఏ ఊర్ల ఉన్నడో తెల్వాలె గద సార్."

మాట అనేశాక ఖమర్‌కే భయమేసింది. రామచంద్రం తల పెట్టెలోనే ఉంచి, ఎవరితోనూ కాదన్నట్టు చెప్పాడు.

"లైన్లు బిగుసుకున్నది హోల్డు వల్ల గాదు సార్. అవతలోళ్లు ఫోను పెట్టేసినంక ఎక్స్ఛేంజి ఒక కూత ఇస్తది. గా కూత ఇనవడితే లైను వదులుమని పెట్టెకు చెప్పిన. కని నేను పెట్టింది పట్నం ఎక్స్ఛేంజి కూత తాళం. మీదాని తాళం నిమ్మలం. అందుకే గుర్తువడుతలేదు. గది నా తప్పు. దాన్ని సరిచేస్త. హోల్డు పెంచినా మీకు నష్టం లేదు."

అతను ఫోను చెవికి పెట్టుకొని, వేలితో బల్ల మీద దరువేస్తూ, ఎక్స్ఛేంజి కూత ఎంతసేపు మోగుతున్నదో, ఎంతసేపు ఆగుతున్నదో పట్టుకున్నాడు. పెట్టెకు ఆ లెక్క ఎక్కించాడు. ఖమర్‌ను ఒక లైను నుంచి ఇంకో లైనుకు ఫోను చేసి చూడమన్నాడు. అవతల పెట్టేయగానే లైను విడిపోయింది.

"ఇగ చెప్పు చెల్లె. షెడ్డుకెల్లి మనిషి రావాలంటే ఎంతసేపు?"

"ఐదు నిమిషాలు."

"నిజంగనా?"

"దూరంగున్నోళ్లకు ఇంకా ఎక్కువనే."

రామచంద్రం ఆ గడువు పెట్టెకు ఎక్కిస్తుంటే మేనేజరు వెనక్కి తిరిగాడు. లోపలికి పోతూ గుమ్మం దగ్గర ఆగి, "లైన్లు బాగుపడ్డాయి కదా, సంతోషం. ఖమర్, వచ్చే నెల నుంచి ఈ సీట్లోకి వేరే అమ్మాయి వస్తుంది. నువ్వు ప్యాకింగ్‌లో చూసుకో" అన్నాడు. అదే నవ్వుతో.

రామచంద్రం సామాను సర్దుకుంటూ గొంతు తగ్గించి అన్నాడు. "ఆ దినమే నాకు అనుమానమొచ్చింది చెల్లె. ఇంకోపాలి అడుగుదుననుకున్న. ఆయన నెత్తిమీద నిలవడ్డడని ఊకున్న." అంతే అన్నాడు, బస్సు వేళయిందని వెళ్లిపోయాడు.

నెల ఇంకా నిండకముందే మల్లప్ప ఫోను వచ్చింది. ఈసారి ఖమర్ మొదటి మాటగా అడిగింది.

"అన్నా, పిలుస్త, లైను తెగది. మొదలు నువ్వు ఏ ఊర్లున్నవో చెప్పు."

"తెల్వదమ్మా. రేత్రి లారీల తెచ్చి దింపిన్రు. కాలువ కట్ట మీద డేరాలేసిన్రు. ఇక్కడోళ్ల మాట మాకు రాదు."

"పక్కన ఫోను బూతు నడిపే ఆయన ఉన్నడా? ఫోను ఆయనకియ్యి."

అవతల ఇంకో గొంతు మరాఠీలో ఏదో అడిగింది. ఖమర్ తన ఇంటి భాష ఉర్దూలో ఇది ఏ ఊరని అడిగింది. "భాయీసాబ్, మెహర్బానీ, యే కౌన్సా గాఁవ్ హై?" చిన్ననాటి నుంచి బడిలో, బజారులో ఎందరో వెక్కిరించిన ఆ భాష ఆ రోజు మల్లప్ప ఉన్న చోటు కనిపెట్టింది. బూతాయన ఊరి పేరు, తాలూకా పేరు, దగ్గరి రైలు స్టేషను చెప్పాడు. ఖమర్ వాటిని అరచేతిలో రాసుకుంది. లైను ఆపిపెట్టి బయటికి పరుగెత్తింది.

గుర్వమ్మ వచ్చేదాకా లైను నిలిచింది. ఖమర్ ఫోను ఆమె చేతికిచ్చి పక్కకు జరిగింది. వినకూడదని అనుకుంది, కాని ఎక్కడికి పోగలదు?

"ఆ... నేనే... మంచిగనే ఉన్న. నువ్వు? ... గట్లెందుకు మాట్లాడుతున్నవ్? పెద్దులు యాడ? ఫోను వానికియ్యి." గుర్వమ్మ ఆగింది. "వానికియ్యంటున్న గదా." మళ్లీ ఆగింది.  వింటూ గోడకు ఆనుకొని మెల్లగా కిందికి జారి గచ్చు మీద కూర్చుంది. చాలాసేపటికి, "ఎన్నడు?" అంది. ఇంకాసేపటికి, "ఆ దినమా?" అంది.

అవతల ఎవరో తొందరపెట్టినట్టున్నారు. లైను అటువైపు నుంచే పోయింది.

ఖమర్ ఆమె చేతిలోంచి ఫోను తీసి పెట్టింది. గుర్వమ్మ ఎదురుగా ఉన్న గోడకు చెబుతున్నట్టు చెప్పింది. కాలువ కట్ట విరిగి పెద్దులు నడుము మీద పడ్డది. డేరాలో పడుకోబెట్టారు. దవాఖానకు తీసుకపోమంటే మేస్త్రి మనిషి రేపు, మాపు అన్నాడు. ఇంటి నుంచి ఎవరన్నా వస్తే గాని పిల్లగాన్ని తీసుకపోనివ్వరని, సంతకని చెప్పి మల్లప్ప బజారుకొచ్చి ఆ మొదటి ఫోను చేశాడు.

"గా దినం ఫోను తెగిననాటికి మా పెద్దులు పానంతోని ఉన్నడంట" అంది గుర్వమ్మ. "నీళ్లు తాగిండంట. అక్క వస్తదా అని అడిగిండంట."

భిక్షం వచ్చి ఆమెను లేపి తీసుకుపోయాడు. మేనేజరు గది తలుపు మూసే ఉంది.

ఆదివారం ఖమర్ గుర్వమ్మ పల్లెకు పోయింది. లాల్ బీ వద్దంది, తర్వాత తానే చాదర్ తెచ్చి భుజాల మీద కప్పింది. ఇంటి ముందు ఆడవాళ్లు కూర్చొని ఉన్నారు. పూడ్చిన చోటు కూడా కళ్లతో చూడని చావు అది, ఏడుపుకు కూడా ఒక దిక్కు లేదు. ఖమర్ గుర్వమ్మ ముందు కూర్చుంది. దారి పొడుగునా కూర్చుకున్న మాటలన్నీ పోయాయి.

"మిషను ఖరాబు గాలే గుర్వమ్మా. అర నిమిషం చాలని నేనే చెప్పిన. సారుకు భయపడి చెప్పిన. నిన్ను పిలిచేందుకు ఎంతసేపైతదో నాకు తెల్సు. తెల్సి గూడ చెప్పిన."

 ఒక ముసలామె, "అల్లా మీదనో దేవుని మీదనో వేయకుంట చెప్పింది, ఇను" అంది. గుర్వమ్మ ఖమర్ వైపు తిరిగింది.

"గీ మాట ఇంకెవ్వలకు చెప్పినవ్?"

"మేనేజరుకు."

"ఏమన్నడు?"

"సీటు తీసేసిండు."

"నా తాన దేనికొచ్చినవ్? పోనీ తియ్యి, నీ తప్పేం లేదు అంటననుకున్నవా?" గుర్వమ్మ గొంతు లేవలేదు. "అనను. నా నోటెంట రాదు. నువ్వు నిజం చెప్పినా గా సారు గంతనే పెట్టేటోడేమో. మేస్త్రి గట్లనే చంపేటోడేమో. నాకు తెల్వది. కని నా తమ్ముడు అక్క వస్తదా అన్నడు. నేను గేటు కాడ చెప్పులిడుస్తున్న."

ఖమర్ తల వంచుకొని కూర్చుంది. లేచి పోవాలో ఉండాలో తెలియలేదు. గుర్వమ్మే మళ్లీ మాట్లాడింది.

"నీ చేతిల రాసుకున్న ఊరి పేరున్నదా?"

"కాగితం మీద ఎక్కించిన."

"రేపు మేమంత పాలమూరు పోతున్నం. లేబరాఫీసుల చెప్పుకుంటం. ఆడ ఇంకా మా ఆయన ఉన్నడు, మా ఊరోళ్లున్నరు. మాకు గా ఊరి పేరు పలుకరాదు. మేస్త్రేమో నేను వాళ్లను తీసుకపోనే లేదంటున్నడు. ఫోను రెండుసార్లు ఇన్నది నువ్వొక్కదానివే. గిదంత నాకు చెప్తే ఏమొస్తది? ఆడికొచ్చి చెప్పు."

"రేపు పనికి పోకపోతే ప్యాకింగ్ గూడ పోతది గుర్వమ్మా."

"పోతది" అంది గుర్వమ్మ. "నాది గూడ పోతది."

సోమవారం పొద్దున పాలమూరు బస్సులో ఆ పల్లె ఆడవాళ్లతో పాటు ఖమర్ కూడా ఉంది. గుర్వమ్మ ఆమె పక్కన కూర్చోలేదు, దారిలో ఆమెతో మాట్లాడలేదు. ఆఫీసులో అధికారి అందరినీ లోపలికి రమ్మన్నాడు. ఫిర్యాదు చెప్పమన్నాడు. గుర్వమ్మ పేర్లు చెప్పింది. మల్లప్ప, పెద్దులు, ఇంకా ఊరివాళ్లందరి పేర్లు. పెద్దులు పేరు దగ్గర ఆగి, తిరిగి చూసి, ఖమర్‌ను చేత్తో ముందుకు నెట్టింది. గట్టిగానే నెట్టింది.

"నీ పేరేందమ్మా? వీళ్లకు ఏమవుతావు?" అని అధికారి అడిగాడు.

"ఖమర్ సార్. ఏం కాను. ఫ్యాక్టరీల ఫోను ఎత్తేదాన్ని."

"ఫోను ఎప్పుడొచ్చింది, ఏం చెప్పాడు, క్రమంగా చెప్పు."

ఖమర్ కాగితం మడత విప్పి బల్ల మీద పెట్టింది. ఊరి పేరు ముందు చదివింది, రెండుసార్లు, అక్షరం అక్షరం విడగొట్టి, అధికారి రాసుకునేదాకా. ఆ తర్వాత మొదటి ఫోను సంగతి ఎత్తుకుంది. లైను ఎందుకు తెగిందని ఆయన అడగలేదు. అడగకపోయినా చెప్పింది.